బరంపురంలో ఒక పగటి శిక్షణ కేంద్రం: ఆటిజం ఉన్న యువతకు ఎంతవరకు పనికివస్తుంది?

చిన్నపిల్లలకు స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ చేసే చోట్లు బరంపురంలో వెతికితే దొరుకుతాయి. 16 ఏళ్ళు దాటిన ఆటిజం ఉన్న పిల్లవాడినో పిల్లనో వెంటబెట్టుకుని వెళ్ళి, ఇక మీదట ఏం చేయాలని అడగదగిన చోటు మాత్రం ఒడిశాలోని మా గంజాం జిల్లాలో అరుదు. ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతున్న ఈ పగటి శిక్షణ కేంద్రం అటువంటి అరుదైన చోట్లలో ఒకటి. మా అమ్మాయి 17వ ఏట ఇక్కడ చేరింది, ఇప్పుడు 19వ ఏట కూడా వెళుతూనే ఉంది. కేంద్రం పేరు కావాలనే రాయడం లేదు. అక్కడ ఉన్నవారు కొద్దిమందే కనుక పేరు రాస్తే ఎవరింటి పిల్లలో ఊళ్ళోవారు ఇట్టే పోల్చుకుంటారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పని నేర్పడంలో ఈ కేంద్రం చాలా మంచిది. తనకేం కావాలో తానే తేల్చుకోవడం నేర్పడంలో బాగా వెనుకబడి ఉంది. పెద్దవారవుతున్న పిల్లలకు ఈ రెండోది మొదటిదానికంటె ఏమాత్రం తక్కువ అవసరం కాదు కనుక, ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

కట్టడం గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. అద్దె ఇల్లు, నాలుగు గదులు, గాలి వెలుతురు బాగానే ఉన్నాయి, మరుగుదొడ్లు ఆడపిల్లలకూ మగపిల్లలకూ విడివిడిగా ఉన్నాయి. ట్యూబులైట్ల మినుకుకు, రొదకు కొందరు పిల్లలు తట్టుకోలేరని గ్రహించి అన్ని గదుల్లోనూ వాటిని మార్చేశారు. ఒక చిన్న గదిని ఏ సామానూ లేకుండా ఖాళీగా ఉంచారు. మనసు చెదిరినవారు తమంతట తాము అందులోకి వెళ్ళి కూర్చోవచ్చు, ఎవరూ వెనకాలే వెళ్ళి పలకరించరు. ఇది ఎవరికి తోచిన ఆలోచనో గాని వారికి నమస్కారం.

బరంపురం అప్పడాలకూ పచ్చళ్ళకూ పేరున్న ఊరు కనుక కేంద్రం కూడా ప్రధానంగా అప్పడాల ప్యాకింగునే ఎంచుకుంది. అప్పడాలు బయట ఆడవాళ్ళు చేసి ఇస్తారు. వాటిని తూచడం, సంచిలో పెట్టడం, సీలు వేయడం, చీటీ అతికించడం పిల్లల పని. ఒక్కొక్కరికి ఒక్కొక్క బల్ల ఉంటుంది; దాని ఎడమ పక్కన చేయవలసిన సరుకు, కుడి పక్కన పూర్తయిన ప్యాకెట్లు వేసే ట్రే, ఎదురుగా గోడకు బొమ్మల పట్టీ ఉంటాయి. ఏ పని చేయాలి, ఎంత చేయాలి, ఎక్కడితో అయిపోయినట్టు, అయిపోయాక ఏమిటి అనే నాలుగు సంగతులూ ఎవరూ నోరు విప్పకుండానే కంటికి తెలిసిపోతాయి. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఆటిజం ఉన్నవారికి నేర్పడం కోసం ఎరిక్ షాప్లర్ రూపొందించిన టీచ్ (TEACCH) పద్ధతిలో ఇటువంటి అమరిక ముఖ్యమైన భాగం. మన దగ్గర చాలా చోట్ల దాన్ని గోడమీద రంగుల చార్టుగా తగిలించి వదిలేస్తారు. ఇక్కడ నిజంగా వాడుతున్నారు. లెక్కపెట్టడం రాని అబ్బాయి కోసం ఒక చెక్క పెట్టెకు లోపల ఎర్ర గీత గీశారు. అప్పడాల దొంతర గీతను తాకితే ఒక ప్యాకెట్టుకు సరిపోయినట్టు. ఆ అబ్బాయికి అంకెలు రాకపోవడం ఆ బల్ల దగ్గర ఒక లోటే కాదు.

ఇంతకంటె నాకు నచ్చినది, నేర్పేవారు క్రమంగా వెనక్కి తగ్గే తీరు. నేర్పే దీదీ మొదట పక్కనే కూర్చుంటారు, కొన్ని వారాలకు కుర్చీ వెనక నిలబడతారు, ఆ తర్వాత గుమ్మం దాకా వెళతారు, చివరికి పక్క గదిలో ఉంటారు. ఎవరో చెయ్యి పట్టుకుని చూపిస్తే తప్ప పని మొదలుపెట్టకపోవడం ఆటిజం ఉన్న పిల్లల్లో తరచుగా కనిపిస్తుంది. అందుకు ఇంట్లో మనం అడుగడుక్కీ "ఇది తియ్యి, అక్కడ పెట్టు" అని చెబుతూ ఉండటం కూడా చాలావరకు కారణం. కేంద్రంవారు ఈ మాటను తల్లిదండ్రుల సమావేశంలో నొప్పించకుండా, కాని స్పష్టంగా చెప్పారు. మా ఇంట్లో ఉదయం పనులకు ఇప్పుడు బొమ్మల పట్టీ ఉంది. మావారు మొదట దాన్ని చూసి నవ్వారు; ప్రస్తుతం ఆ పట్టీ చిరిగితే కొత్తది అంటించేది ఆయనే.

కాస్త కుదురుకున్నవారిని బజారులోని ఒక కిరాణా కొట్టుకు మధ్యాహ్నం పూట పంపుతారు. సరుకులు అరల్లో సర్దడం, పాత సరుకు ముందుకూ కొత్తది వెనక్కూ జరపడం వారి పని. ఇక్కడ కేంద్రం చేసిన తెలివైన పని, పిల్లలకంటె ముందు కొట్టువారికి శిక్షణ ఇవ్వడం. ఒకసారి ఒక్క మాటే చెప్పాలని, పేరు పిలిచి కాసేపు ఆగాలని, జవాబు రాకపోతే గొంతు పెంచకూడదని కొట్టులో పనిచేసే కుర్రాళ్ళకు నేర్పారు. 1943లో పిల్లల మనోవైద్యుడు లియో కానర్ ఆటిజం గురించి రాసిన తొలి వ్యాసంలో మొదటి పిల్లవాడిగా వర్ణించిన డొనాల్డ్ ట్రిప్లెట్ పెద్దయ్యాక మిసిసిపీలోని తన చిన్న ఊరిలో బ్యాంకు ఉద్యోగం చేశాడు, కారు నడిపాడు, గోల్ఫు ఆడాడు, 2023లో 89 ఏళ్ళ వయసులో మరణించాడు. ఆ బ్యాంకుతో ఆయన కుటుంబానికి సంబంధం ఉంది కనుక అది అందరికీ కుదిరే దారి కాదు. అయినా ఊరివాళ్ళు ఆయన తీరుకు అలవాటు పడటం వల్ల ఎంత సాధ్యమైందో గమనించదగిన విషయమే. ఆ కిరాణా కొట్టువారికి తెలియకుండానే అదే జరుగుతోంది.

డబ్బు నేర్పడంలో మాత్రం కేంద్రం కొంచెం పాతకాలంలోనే ఉంది. నిజమైన నోట్లతో, చిల్లరతో నేర్పడం బాగానే ఉంది గాని, బజారులో ఇప్పుడు చిన్న బండి దగ్గర కూడా క్యూఆర్ కోడ్ వేలాడుతోంది. చేతినుంచి ఏదీ పోకుండా, చేతికి ఏదీ రాకుండా సరుకు ఎలా మనదవుతుందో మా అమ్మాయికి ఇంకా నమ్మకం కుదరలేదు. నిజం చెప్పాలంటే మా అత్తగారికీ కుదరలేదు.

ఎదిగిన ఒంటికి సంబంధించిన పాఠాల్లో కేంద్రానికి మంచి మార్కులు వేస్తాను. తలుపు వేసుకుని చేసే పనులేవి, నలుగురిలో చేయదగినవేవి అన్నది బొమ్మలతో, ఏ సంకోచమూ లేకుండా చెబుతారు. నెలసరి సమయంలో ప్యాడు మార్చుకోవడం, వాడినదాన్ని కాగితంలో చుట్టి పడేయడం వరుస బొమ్మలుగా మరుగుదొడ్డి తలుపు లోపలివైపు అంటించారు. ఎవరు ఎంతవరకు తాకవచ్చో నేర్పేటప్పుడు బయటివారి గురించే కాక, చుట్టాల గురించి, సిబ్బంది గురించి కూడా చెబుతారు. యుక్తవయసులో కొందరికి మూర్ఛ (ఫిట్స్) మొదలయ్యే అవకాశం ఉందని ప్రవేశం రోజునే చెప్పి, వస్తే ఏం చేయాలో సిబ్బందికీ మాకూ కలిపి చూపించారు. వాహనంలో డ్రైవరు తప్ప మరెవరూ లేకపోవడం మీద తల్లులం గట్టిగా అడగవలసి వచ్చింది. ఇప్పుడు ఒక ఆయా తోడుగా వస్తున్నారు.

రెండేళ్ళకొకసారి చైత్రంలో జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్ర ఈ ఊరికంతటికీ పండుగే అయినా, శబ్దం భరించలేని పిల్లలున్న ఇళ్ళకు వారాల తరబడి పరీక్ష. డప్పులు, మైకులు, వేషాలు వేసుకుని వీధుల్లో తిరిగేవారు, రాత్రంతా జనం ఉంటారు. కేంద్రంవారు యాత్రకు ముందునుంచే డప్పుల చప్పుడును రికార్డు చేసి మొదట చాలా తక్కువ గొంతులో, తర్వాత కొద్దికొద్దిగా పెంచి వినిపించారు. వేషధారుల ఫోటోలు చూపించి, వేషం వెనక ఉన్నది మనిషేనని చెప్పారు. చెవులకు పెట్టుకునే కప్పులు ఇచ్చారు. చూడటానికి వెళ్ళాలా వద్దా అన్నది పిల్లలకే వదిలేశారు. మా అమ్మాయి పగటిపూట యాత్ర జరిగే దేశీబెహెరా వీధి దాకా వచ్చి, చూసినంత చూసి, ఇంటికి పోదామని చెయ్యి లాగింది. తనంతట తాను రావడం, తనంతట తాను చాలనడం, రెండూ ఆ రోజే జరిగాయి.

యాత్ర విషయంలో ఇంత చక్కగా ఇచ్చిన ఆ స్వేచ్ఛను రోజువారీ పనిలో ఎందుకు ఇవ్వరన్నదే నా ప్రధానమైన ఫిర్యాదు. మధ్యాహ్నం పెరుగన్నమా పులిహోరా అని అడుగుతారు, ఎర్ర కుర్చీయా నీలం కుర్చీయా అని అడుగుతారు. అప్పడాల బల్లా గుడ్డ సంచుల బల్లా అని మాత్రం అడగరు. మా అమ్మాయి అప్పడాల దగ్గర వేగంగా, తప్పు లేకుండా పనిచేస్తుంది కనుక ఆమెను అక్కడే ఉంచారు. ఆమెకు ఇష్టమైనది గుడ్డ కత్తిరించడం. విరామంలో ఆ గది గుమ్మం దగ్గరే నిలబడుతుందని సిబ్బందే నాతో అన్నారు. బాగా చేసేవారిని చేసేచోటే ఉంచడం ప్యాకెట్ల లెక్కకు మంచిదే. కాని ఇది కార్ఖానా కాదు, శిక్షణ కేంద్రం. ఇంకా ఇబ్బంది కలిగించినది వారి రిజిస్టరు. ఒక రోజు ఆమె పని మధ్యలో ట్రేను దూరంగా నెట్టి లేచి వెళ్ళిపోతే, దాన్ని "ప్రవర్తన సమస్య" అనే గడిలో రాశారు. మాట పెద్దగా రాని మనిషి తనకు ఇష్టం లేదని చెప్పడానికి అంతకంటె మర్యాదైన దారి ఏముంటుందో నాకు తోచలేదు. వద్దు అనే బొమ్మకార్డును ప్రతి బల్ల మీదా పెట్టమని, ఆ కార్డు ఎత్తినప్పుడల్లా కనీసం కాసేపు పని ఆపనివ్వమని అడిగాను. కార్డు పెట్టారు. ఆపనివ్వడం మాత్రం ఆనాడు బల్ల దగ్గర ఎవరున్నారన్నదానిమీద ఆధారపడి ఉంది. నోటితో, చేతితో, కార్డుతో ఏ విధంగానూ కాదనడం చెల్లదని రోజూ నేర్చుకునే అమ్మాయి, రేపు ఎవరైనా తప్పుగా తాకితే కాదనగలదని మనం ఎలా ఆశిస్తాము? ఒళ్ళు గురించి అంత మంచి పాఠాలు చెప్పే కేంద్రం ఈ రెంటికీ ఉన్న సంబంధాన్ని చూడకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది.

ప్రవేశంలో పిల్లల స్థాయిని కొలవడానికి వాడే ఫంక్షనల్ అసెస్‌మెంట్ చెక్‌లిస్టు కూడా ఈ లోటుకు కొంత కారణమని అనుకుంటున్నాను. సికింద్రాబాదులోని జాతీయ సంస్థ, అంటే ఇప్పటి ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి., మేధో వైకల్యం ఉన్నవారి కోసం తయారుచేసిన పట్టిక అది. అన్నం తినడం, బట్టలు వేసుకోవడం, గడియారం చూడటం, డబ్బు లెక్క వంటివి చక్కగా పట్టుకుంటుంది. ఏ చప్పుడు భరించలేరు, రోజు క్రమం మారితే ఏమవుతుంది, దేనిమీద తీవ్రమైన ఆసక్తి ఉంది అనేవాటిని మాత్రం విడిగా అడిగి రాసుకుంటే తప్ప దొరకవు. మమ్మల్ని వీటిలో మొదటిది అడిగారు, మూడోది అడగలేదు. అడిగి ఉంటే గుడ్డ సంగతి మొదటి రోజే తెలిసేది.

భాష గురించి తెలుగు కుటుంబాలు ముందే అడిగి తెలుసుకోవాలి. కేంద్రంలో వ్యవహారమంతా ఒడియాలో నడుస్తుంది. మా ఇళ్ళలో పెద్దలకు రెండు భాషలూ వస్తాయి కనుక మనకది అడ్డంకిగా తోచదు. కొద్ది మాటలే ఉన్న పిల్లలకు ఆ కొద్ది మాటలూ ఏ భాషలో ఉన్నాయన్నది పెద్ద విషయం. నీళ్ళు అనే మాట అర్థమైన పిల్లకు పాణి అంటే వెంటనే తట్టకపోవచ్చు. అప్పుడు విననట్టో మొండికేసినట్టో కనిపిస్తుంది. సిబ్బందిలో ఇద్దరికి తెలుగు బాగా వచ్చు, తక్కినవారు నేర్చుకోవడానికి సిద్ధంగానే ఉన్నారు. మేము ఇంట్లో వాడే మాటల జాబితాను ఒడియా లిపిలో రాసి ఇచ్చిన తర్వాత చాలా మార్పు వచ్చింది. పర్లాకిమిడి, రాయగడ వైపునుంచి ఇటువంటి కేంద్రాలకు పిల్లలను పంపే తెలుగువారు ఈ పని చేరిన రోజునే చేయడం మంచిది.

ఇక కాగితాల సంగతి. తల్లిదండ్రులకు సలహా ఇవ్వడానికి వారంలో ఒక పూట ఒకరు కూర్చుంటారు. ఆటిజం వంటి వైకల్యాలున్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన నేషనల్ ట్రస్టువారి నిరామయ ఆరోగ్య బీమా గురించి, ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉండే ఆ సౌకర్యంలో థెరపీల ఖర్చు కూడా వస్తుందన్న సంగతి గురించి వారు ఓపికగా చెప్పారు. దివ్యాంగులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు, ఆదాయపు పన్నులో పాత విధానం ఎంచుకున్నవారికి వైకల్యం ఉన్నవారిని పోషిస్తున్నందుకు లభించే 75,000 రూపాయల మినహాయింపు, తీవ్ర వైకల్యమైతే 1,25,000, ఇవన్నీ సరిగానే చెప్పారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషనులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివాటికన్నిటికీ కలిపి ఉందని కూడా ఆశ పెంచకుండా వివరించారు.

సంరక్షకత్వం దగ్గరకు వచ్చేసరికి ఆ సలహా తడబడుతుంది. 18 నిండగానే మన పిల్లలు చట్టం దృష్టిలో పెద్దవారు. తల్లిదండ్రులమన్న కారణంగా వారి తరఫున సంతకం చేసే హక్కు మనకు ఆ రోజుతో ఉండదు. అందుకని 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసి సంరక్షకులుగా నియామకం పొందవచ్చు. మాకైతే అది ఛత్రపురం వెళ్ళి చేయవలసిన పని. కేంద్రంలో అచ్చువేసి ఉంచిన ఫారాన్ని 18 నిండిన ప్రతి ఒక్కరి తల్లిదండ్రులకూ ఇచ్చి, అన్ని విషయాలకూ కలిపి సంరక్షకత్వం కోరమంటున్నారు. ఆ చట్టంలోని 14వ సెక్షను మాత్రం, అసలు ఈ వ్యక్తికి సంరక్షకులు అవసరమా, అవసరమైతే ఏయే పనులకు అనేది కమిటీ పరిశీలించాలని చెబుతోంది. 2016 నాటి చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసి, ఒక ప్రత్యేక నిర్ణయానికి, నిర్ణీత కాలానికి మాత్రమే వర్తించే పరిమిత సంరక్షకత్వం గురించి, ఇద్దరూ కలిసి నిర్ణయించడం గురించి చెప్పింది. బ్యాంకు ఖాతాకూ ఆస్తి వ్యవహారానికీ సహాయం కావలసిన అమ్మాయికి, ఏ పని చేయాలో, ఎవరితో ఉండాలో కూడా ఇంకొకరే తేల్చాలని రాసివ్వనక్కరలేదు. సంరక్షకులైనవారు నియామకం జరిగిన 6 నెలల్లో ఆస్తి జాబితా ఇవ్వాలని, ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లో లెక్కలు సమర్పించాలని, నిర్లక్ష్యం చేస్తే తొలగించవచ్చని ఉన్న నిబంధనలను కేంద్రంలో ఎవరూ ప్రస్తావించలేదు. హక్కు గురించి చెప్పేవారు బాధ్యత గురించి కూడా చెప్పాలి.

సరిహద్దుకు అవతల, ఆంధ్రప్రదేశ్‌లోని ఇచ్ఛాపురం నుంచి రైలులో వచ్చే కుటుంబాలు ఇక్కడ కొందరున్నారు. వారికి ఇంకొక చిక్కు ఉంది. యూడీఐడీ కార్డు, నిరామయ దేశమంతటికీ ఒకటే. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను ఆ రాష్ట్ర నివాసులకే. సంరక్షకత్వానికి కూడా తమ నివాసం ఉన్న శ్రీకాకుళం జిల్లా కమిటీనే ఆశ్రయించాలి. ఈ తేడాలను ఒక కాగితం మీద తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చువేసి ఇస్తే చాలామందికి ఊరట కలుగుతుంది. కేంద్రానికి అయ్యే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

ఫీజు నెలకు 2,500 రూపాయలు, వాహనానికి అదనం. పిల్లలకు నెలనెలా కొంత భత్యం వారి చేతికే ఇస్తారు; చిన్న మొత్తమే అయినా ఖర్చు వారి ఇష్టం. రాత్రి వసతి లేదు, సాయంత్రం 4 దాటితే ఎవరూ ఉండరు, కనుక ఇద్దరూ ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులు వేరే ఏర్పాటు చూసుకోవాలి. తమ్ముళ్ళ, చెల్లెళ్ళ కోసం ఏ కార్యక్రమమూ లేదు. కూర్చుని పని చేయగలిగి, గుంపులో కొంతసేపు ఉండగలిగిన పిల్లలకు ఈ చోటును నిస్సంకోచంగా సూచిస్తాను. తనను తాను గాయపరచుకునే అలవాటు ఉన్నవారికి, రోజంతా ఒకరు పక్కన ఉండవలసినవారికి ఇక్కడున్న సిబ్బంది చాలరు. ఆ మాట ప్రవేశ సమయంలో వారే నిజాయితీగా చెబుతారు.

చదువులో కాస్త ముందున్న పిల్లలకు కూడా ఇది సరిపోదు. మాట ధారాళంగా వచ్చి, పదో తరగతి దాటి, స్నేహితుల మధ్య ఇమడలేక నలుగుతున్నవారికి అప్పడాల బల్ల దగ్గర ఏమీ దొరకదు. వారికి ఓపెన్ స్కూలు చదువుకు తోడు కాలేజీలోనో ఉద్యోగంలోనో పక్కన నిలిచే మనిషి కావాలి. ఆ ఏర్పాటు ఈ కేంద్రంలో లేదు.

మేము వచ్చే ఏడాదికి కూడా ఫీజు కట్టాము. వారంలో రెండు రోజులు గుడ్డ సంచుల గదిలో ఉంచాలని, కార్డు ఎత్తినప్పుడు దాన్ని రిజిస్టరులో సమస్యగా కాక అభిప్రాయంగా రాయాలని ప్రవేశ పత్రం వెనక రాయించుకుని, ఇరువైపులా సంతకాలు చేశాము. మా అమ్మాయి కూడా తన పేరు తెలుగులో రాసింది.